మొగుళ్ల పేర్లతో వచ్చిన తల్లులు

హైదరాబాద్,
బుధవారం సాయంత్రం

అమ్మకు, నాయినకు మీ బిడ్డ స్వరూప దండం పెట్టి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. మీరెట్లా ఉన్నారని ఫోన్లో అడిగితే అన్న "మంచిగనే ఉన్నం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అందుకే ఒక్కొక్కరినీ విడిగా అడుగుతున్నాను. అమ్మా, నడుం నొప్పి తగ్గిందా? మిరప నారు పోశారా? నాయిన దగ్గు ఎట్లా ఉంది? వానలకు దుమ్ము అణిగింది కదా అని ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ముక్కుకు తువ్వాల కట్టుకోకుండా తిరుగుతున్నాడేమో, నువ్వే గట్టిగా చెప్పు. గోదారి పెరుగుతున్నదని టీవీలో చూపించినప్పుడల్లా నాకు మన వాగు మీదనే మనసు పోతుంది. నీళ్లు తగ్గేదాకా ఎవరూ వాగు దాటి అంగడికి పోకండి. వదినా, ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే. నీ సంగతి చివర అడుగుదామనుకున్నాను, ఆగలేకపోతున్నాను. ఆరో నెల పడింది కదా. కాళ్లు వాస్తున్నాయా? నెలనెలా దవాఖానాకు పోతున్నావా?

ఇదంతా ఫోన్లో అడగొచ్చు కదా అంటారు. మన దగ్గర మాట తెగిపోయి, "ఆ... ఏందీ? మళ్లా చెప్పు" అనుకోవడంతోనే సరిపోతుంది. పైగా ఈసారి నాకొక సాయం కావాలి. సగం వినపడి సగం వినపడకపోతే చెడిపోయే సాయం. అదేందో ముందే చెప్తాను. వదిన దగ్గర ఒక ఫోను ఉండాలి. అన్నది కాదు, ఇంటిది కాదు, తనది. ఎందుకో మొత్తం రాస్తున్నాను. మొత్తం విన్నాకే అవ్ అనండి, కాదనండి.

ఇక్కడ కూడా వానలే. మన దగ్గర వాన పడితే బోడకాకరకాయలు వస్తాయి, ఇక్కడ వాన పడితే బస్సులు ఆగిపోతాయి. హాస్టల్లో ఒక గదిలో ముగ్గురం. సాంబారులో ములక్కాడ ముక్క దొరికిన రోజు ముగ్గురం పండగ చేసుకుంటాం. తింటూనే ఉన్నాను, చిక్కిపోలేదు, బెంగ పెట్టుకోకండి. పని కూడా బరువుదేం కాదు. మిరపకాయ ఏరినట్టు ఎండలో వంగేది లేదు, ఫ్యాను కింద కుర్చీలో కూర్చునే పనే. అయినా సాయంత్రానికి ఒళ్లంతా పిండేసినట్టు ఉంటుంది. కళ్లు మండుతాయి, వేళ్లు కొయ్యబారతాయి. రోజంతా ఎంతో మందితో మాట్లాడినట్టే ఉంటుంది, గొంతు మాత్రం ఒక్కసారి కూడా పెగలదు. హాస్టల్‌కు వచ్చి "అక్కా, నీళ్లున్నయా?" అని అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది.

అమ్మా, "మా స్వరూప కంపూటర్ల గదులు ఊడుస్తది" అని వాడలో అందరికీ చెప్తున్నావట. అన్న చెప్పి ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది కానీ, నువ్వన్నది అంత తప్పేం కాదు.

ఎండాకాలం తునికాకు కల్లం దగ్గర ఆడవాళ్లంతా కట్టలు పేర్చుకుంటూ మాట్లాడుకుంటారు కదా. ఒకామె తలనొప్పి అంటే ఇంకొకామె మందు చెప్తుంది, మూడో ఆమె ఆ మందు మీద పరాచికం ఆడుతుంది. ఆ ముచ్చటే నోటితో కాకుండా రాతతో నడుస్తుందనుకో. ఒకరు రాసింది ఆ నిమిషంలోనే అందరికీ కనిపిస్తుంది. మన ఊళ్లో ఒకరు, విజయవాడలో ఒకరు, నిజామాబాదులో ఒకరు ఉన్నా అందరూ ఒక్క చోట కూర్చున్నట్టే. సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఇట్లాంటి గదులు పెట్టుకుంటాయి. వాటికి కాపలా మనుషులను మా కంపెనీ ఇస్తుంది. ఆ కాపలా మనిషిని నేను. ఎవరిని లోపలికి రానియ్యాలి, ఎవరి మాట అందరికీ చూపాలి, బూతు రాసినవాణ్ని ఎప్పుడు గెంటాలి, అదే పని. ఊడ్చుడే కదా మరి.

ఒక్కో సంస్థ గదిని ఒక్కో తీరుగా వాడుకుంటుంది. ఒక కాలేజీ ఉంది. కొత్తగా చేరబోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వస్తారు. గది ఖాళీగా కనిపిస్తే ఎవరూ నోరు విప్పరని మొదటి ప్రశ్న మాతోనే వేరే పేరు మీద అడిగిస్తారు. "మీ హాస్టల్లో భోజనం చాలా బాగుంటుందట కదా?" అని. నా హాస్టల్ సాంబారు తలుచుకుంటూ అది టైపు చేస్తాను. ఒక బ్యాంకు గది ఉంది. అక్కడ ఎవరేం అడిగినా రాసిపెట్టిన జవాబులే వెయ్యాలి. ఒక ముసలాయన "నీ పేరేంది బిడ్డా" అని అడిగాడు. ఆయనకు కూడా "మీ ప్రశ్నకు ధన్యవాదాలు" అనే పోయింది. ఒక విత్తనాల కంపెనీ గది ఉంది. పంట బాగా వచ్చిందన్న రైతు మాట జల్దీ అందరికీ కనిపిస్తుంది. మొలక రాలేదన్న రైతుకు "మా వాళ్లు మీకు ఫోన్ చేస్తారు" అని చెప్పి ఆ మాట పక్కకు తియ్యాలి. తీసేది నేనే. 

అన్నింటిలో బుధవారం గది ఒక్కటే నాకు ఊపిరి. కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థది. మధ్యాహ్నం రెండింటికి తెరుస్తాం. శాంతమ్మ అని రిటైరైన నర్సు వచ్చి నా పక్కన కూర్చుంటుంది. మధిర దిక్కు ఆవిడ, మాట మన మాట కన్నా మెత్తగా ఉంటుంది. ఆవిడ చెప్తే నేను టైపు చేస్తాను. "ఒసేయ్ స్వరూపా, ఈ వేళ్లు సూదులకు అలవాటు పడ్డాయి గానీ ఈ మీటలకు కాదే" అంటుంది. ఆ గదిలో రాసిపెట్టిన జవాబులు లేవు, దొంగ ప్రశ్నలు లేవు. ఒకామె అడిగితే శాంతమ్మ కంటే ముందు ఇంకో తల్లే జవాబు చెప్తుంది. తప్పు చెప్తే శాంతమ్మ దిద్దుతుంది.

మొదట్లో ఆ గదిలోకి పోకిరీ మగవాళ్లు కొందరు దూరారు. పాల గురించి అడిగిన ఒక బాలింతకు రాయకూడని మాటలు రాశారు. ఆమె మళ్లీ రాలేదు. అప్పుడు మా పైఅధికారి కిరణ్ సార్ ఒక నియమం పెట్టాడు. "మగ పేరు కనిపిస్తే లోపలికి తియ్యొద్దు స్వరూపా. బయటనే ఉంచు." నాకూ సబబే అనిపించింది.

ఎండాకాలం పోయి తొలకరి పడ్డప్పటి మాట. ఒక బుధవారం బయట ఒక పేరు నిలబడి ఉంది. అసలు పేరు రాయకూడదు, సైదులు అనుకోండి. ఊరు కూడా చెప్పను, మన దిక్కే. బయట ఉన్నవాళ్లు రాసింది నాకొక్కదానికే కనిపిస్తుంది. "అక్కా, బిడ్డ పాలు గుంజుతలేదు. పొద్దటి నుంచి ఏడ్వను గూడ ఏడ్వలే" అని ఉంది.

శాంతమ్మకు చూపించాను. కళ్లద్దాలు సర్దుకొని చదివింది. "ఏడ్చే బిడ్డకు భయం లేదే, ఏడవని బిడ్డకే భయం. తలుపు తియ్యి."

"మగ పేరు మేడం."

"మగాడికి ఈ మాట రాయడం వచ్చా? తియ్యవే!"

తీశాను. ఆ మాట అందరికీ కనిపించగానే లోపలున్న ఒకామె అందుకుంది. "ఓ సైదులన్నా, నీకు పాలెట్ల వస్తయే?" ఇంకొకామె, "మొగోళ్లు గూడ బాలింతలైతున్నరా, మంచిగైంది, తెలిసొస్తది!" నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి.

"నేను సైదులు కాదక్కా. ఆయన పెండ్లాన్ని. ఫోను ఆయనది. నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్నడు. లేవకముందే అడగాలె."

 శాంతమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆయన్ను లేపి బిడ్డను వెంటనే దవాఖానాకు తీసుకుపొమ్మని నాతో రాయించింది.

"లేపితే ఒర్లుతడు, తిడతడు."

"ఒర్లనియ్. లేపు" అని రాయించింది శాంతమ్మ. గదిలో ఉన్న తల్లులందరూ "లేపు", "లేపు చెల్లె", "జల్దీ లేపు" అని రాశారు. సైదులు పేరు మాయమైంది.

ఆ వారం నేను ఏ గదిలో కూర్చున్నా ధ్యాస ఆ బిడ్డ మీదనే. మళ్లీ బుధవారం రెండు కాకముందే ఆ పేరు బయట నిలబడి ఉంది. "బిడ్డకు మంచిగైందక్కా. దవాఖానాల సెలైన్ పెట్టిండ్రు. ఆయన ఒర్లనే లేదు. చెప్పులు గూడ తొడుక్కోకుంట బిడ్డను ఎత్తుకొని ఉరికిండు."

ఆ రోజు నేను బయట నిలబడ్డ పేర్లన్నీ కొత్త కళ్లతో చూశాను. అన్నీ మగ పేర్లే. ఇన్నాళ్లూ నేను పోకిరీలు అనుకున్నవాళ్లు. శాంతమ్మకు చూపించాను. ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. లోపలికి తీసేముందు ఒక్కటే అడగమంది: "బిడ్డ దొడ్డికి ఏ రంగులో పోయింది?" తల్లి అయితే పచ్చగనో, పసుపుగనో, మూడు రోజుల నుంచి పోనే లేదనో వెంటనే చెప్తుంది. పోకిరీవాడు ఆ ప్రశ్న చూసి పారిపోతాడు. నిజంగానే పారిపోయారమ్మా. ఒకడు "ఛీ" అని రాసి పోయాడు. శాంతమ్మ నవ్వి నవ్వి దగ్గింది.

ఇక గది చూడాలి మీరు. వెంకన్న తనకు కుట్లు మానలేదంటాడు. నాగేశ్వరరావు చంటిదానికి ఉగ్గు ఎప్పుడు మొదలుపెట్టాలంటాడు. యాదగిరి పచ్చి ఒంటితో వంగి పని చెయ్యొచ్చా అని అడుగుతాడు. వెంకన్నకు నాగేశ్వరరావు ధైర్యం చెప్తాడు. పైగా ఒక పేరు వెనక ఒక్కరే లేరు. "మా అత్త అడగమంటాంది", "పక్కింటి పిల్ల గూడ ఈడనే కూసుంది, దాని ముచ్చట గూడ చెప్పున్రి" అంటారు. ఒక ఫోను చుట్టూ మంచం నిండా మనుషులు. ఆ కొన్ని వారాలు నాకు అలసటే తెలియలేదు.

ఆ తర్వాత ఒకడు దొరికాడు. శాంతమ్మ ప్రశ్నకు సరైన జవాబే చెప్పి లోపలికి వచ్చి, ఒక చిన్న వయసు తల్లికి పాడు మాట రాశాడు. నేను గెంటేలోపే ఆడవాళ్లు మీద పడ్డారు. "నీ అమ్మ నంబరు పెట్టురా, నిన్నెట్ల పెంచిందో అడుగుతం" అని ఒకామె. వాడు పోయాడు. కానీ ఆ చిన్న వయసు తల్లి భయపడి సంస్థకు ఫిర్యాదు రాసింది. ఆమె రాయడంలో తప్పు లేదు.

కిరణ్ సార్ పిలిచాడు. గద్దిస్తాడనుకున్నాను, గద్దించలేదు.

"నియమం ఎవరు తప్పిండ్రు స్వరూపా?"

"నేనే సార్. ఫోన్లు వాళ్ల మొగుళ్లవి సార్, వాళ్లకు వేరే లేవు."

"నాకు తెల్వదా? మా అమ్మకు గూడ ఫోను లేదు. మా నాయిన ఎత్తుతడు. కానీ ఒక్కడు దూరితే భయపడేదెవరు? ఆ ఆడోళ్లే కదా. రేపు ఇంకొకడు దూరితే ఏం చెప్తవ్?"

తిరిగి వచ్చి ఆ మాట శాంతమ్మకు చెప్పానమ్మా. 

సంస్థవాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. గదిలోకి రావాలంటే ముందుగా పేరు, నంబరు ఇవ్వాలి. సంస్థ నుంచి ఆ నంబరుకు ఫోన్ చేస్తారు. ఫోను ఎత్తేది ఆమే అయి ఉండాలి, తన పేరు తనే చెప్పాలి. శాంతమ్మ వాళ్లతో కొట్లాడి ఒక్క సడలింపు తెచ్చింది: అట్లా ఫోను ఎత్తే ఆడమనిషి ఒక్కతె ఉంటే చాలు, ఆమె పక్కన ఎంతమంది కూర్చొని అడిగినా అడ్డు లేదు.

పాతవాళ్లు లోపలికి వచ్చిన నంబర్లు మా దగ్గర ఉన్నాయి, వాటికి ఫోన్లు చేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. సైదులు నంబరుకు చేస్తే సైదులే ఎత్తాడు. వెనక యంత్రాల చప్పుడు. "ఎవలు? మా ఆమెతోని మీకేం పని? ఏం సంస్థ? ఓటీపీ గిట్ల అడిగితే చెప్ప, ఫోన్ పెట్టుండ్రి!" కట్ చేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. బిడ్డను ఎత్తుకొని చెప్పులు లేకుండా ఉరికిన మనిషి. మోసం ఫోన్లకు భయపడ్డాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. వెంకన్న ఎత్తలేదు. నాగేశ్వరరావు "మా ఇంట్ల ఆడోళ్లు ఫోన్లు మాట్లాడరు" అన్నాడు. ఒక్కొక్క పేరే రాలిపోయింది.

ఈ రోజు కొత్త పద్ధతి మొదలైంది. రెండింటికి సైదులు పేరు బయటకు వచ్చి నిలబడింది.

"అక్కా, నేనే."

సంస్థవాళ్లు రాసిచ్చిన ముక్కే వేశాను. దయచేసి మీ పేరు నమోదు చేసుకోండి, అని. వెయ్యక తప్పదు, సార్ తెర మీద కూడా కనిపిస్తుంది.

"ఎందుకక్కా గట్ల రాస్తున్నవ్? నన్ను గుర్తు పట్టలేదా? పాప నవ్వుతాంది, బోర్ల పడుతాంది. శాంతమ్మకు చెప్దామని వచ్చిన."

మళ్లీ అదే ముక్క.  పేరు అట్లాగే నిలబడి ఉంది. తర్వాత పోయింది.

లోపల నలుగురే ఉన్నారు. నలుగురూ పట్నం వాళ్లు, సొంత ఫోన్లు ఉన్నవాళ్లు. మంచివాళ్లే. కానీ గదిలో పరాచికం లేదు, "మా అత్త అడగమంటాంది" లేదు. పోయేటప్పుడు శాంతమ్మ కళ్లద్దాలు తీసి సంచిలో పెట్టుకుంది. "గది శుభ్రంగా ఉందే స్వరూపా" అంది. 

అందుకే ఈ ఉత్తరం.

వదినా, ఈ ముక్క అన్న వినేటట్టు గట్టిగా చదువు. అన్నా, నీ మాట నాకు ఇక్కడికే వినపడుతున్నది. "దీనికెందుకు ఫోను? ఎవరితోని మాట్లాడ్తది?" నాతో మాట్లాడుతుంది. శాంతమ్మతో మాట్లాడుతుంది. నువ్వు బొగ్గు లారీ మీద పాల్వంచ దాటి పోయినప్పుడు వదినకు నొప్పులొస్తే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నీ జేబులో ఉండి ఏం లాభం? అద్దం పగిలిన నీ పాత ఫోను గూట్లోనే ఉంది కదా. అందులో ఒక సిమ్ వేసి వదిన చేతికియ్యి. మళ్లీ తీసుకోకు, అప్పుడప్పుడు చూడకు, ఎవరిదా నంబరని అడగకు. నువ్వు మంచివాడివని నాకు తెలుసు. సైదులు కూడా మంచివాడే.

అమ్మా, "మా కాలంల ఫోన్లు పట్టుకొని కన్నమా" అంటావు. అవ్, కనలేదు. కానీ నువ్వు కన్ననాడు చుట్టూ పది మంది ఆడవాళ్లు ఉన్నారని నువ్వే చెప్పావు. ఇప్పుడు ఆ పది మందీ తెల్లారక ముందే కూలికి ఆటోలెక్కి పోతున్నారు. పగలు వదిన దగ్గర ఎవరున్నారు చెప్పు. నువ్వు కూడా చేను కాడనే ఉంటావు.

నాయినా, నువ్వు ఒక్క మాట అంటే అన్న కాదనడు. నన్ను బడికి పంపుతానంటే నవ్వినవాళ్ల ముందు కూడా నువ్వు ఒక్క మాటే అన్నావు, పంపావు. నీ మాట ఇంకొక్కసారి కావాలి.

అందరూ సరేనంటే నంబరు నాకు పంపండి. సంస్థవాళ్లు ఫోన్ చేసే టైము ముందే చెప్తాను. ఇంట్లో సిగ్నల్ ఆగదు కానీ అంగన్‌వాడీ అరుగు మీద ఆగుతుంది, వదిన అక్కడ కూర్చోవాలి. వదినా, "ఎవరు?" అని అడిగితే "స్వరూప వదిన"నో, "వాళ్ల ఇంటామె"నో అనకు. సుజాత అని చెప్పు. సిగ్గుపడకు, గట్టిగా చెప్పు. తర్వాత బుధవారం నుంచి రాతే కాబట్టి సిగ్నల్ సన్నగున్నా ఆలస్యంగానైనా చేరుతుంది. నీ పేరు కనపడగానే నేనే తలుపు తీస్తాను.

ఇంకేం లేదు. ఎవరైనా మణుగూరు నుంచి వస్తుంటే కొంచెం కొత్త కారం, చింతపండు పంపండి. బోడకాకరకాయలు పంపొద్దు, బస్సులో మగ్గిపోతాయి. మీరే వండుకొని నా పేరు చెప్పి తినండి. పెద్దనాయినకు, చిన్నమ్మ వాళ్లకు నా దండాలు చెప్పండి. నాకు ఆరోగ్యం బాగానే ఉంది, అలసటే, నాలుగు రోజులు పడుకుంటే పోయే అలసటే. నా గురించి ఏ రందీ పెట్టుకోకండి. నా మీద మీ దీవెన ఉంచండి.

వదినా, ఇది నీకొక్కదానికి. ఫోను చేతికొచ్చాక అరుగు మీద ఒక్కదానివే కూర్చోకు. వాడలో పచ్చి బాలింతలను పిలువు. కోయగూడెం ఆడవాళ్లు వస్తే వాళ్ల మాట విని నువ్వే రాసిపెట్టు. బోర్ల పడే పాపను ఎత్తుకొని మన దిక్కు నుంచి ఎవరైనా వచ్చి, ఆ గదిలోకి మళ్లీ పోవాలె అక్కా అంటే, ఎవరి పెండ్లానివని అడగకు. కొంచెం జరిగి చోటియ్యి. పేరు మాత్రం అడుగు. నాకింకా తెలియదు.

మీ దీవెనలు కోరే
స్వరూప